హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్: ఆపరేషన్ ఒక్క రోజు, ఎదురుచూపు ఏడాది

నాకు హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ అయిందని తెలిసినవాళ్లు రెండే ప్రశ్నలు అడుగుతారు. ఎంతైంది? నొప్పి పుట్టిందా? రెండింటికీ జవాబు చిన్నదే. మూడో నెల గురించి మాత్రం ఎవరూ అడగరు. డబ్బు పోసి, సూదులు పొడిపించుకుని, అద్దం ముందు నిలబడితే ముందుకన్నా బోడిగా కనిపించే నెల అది. చేయించుకుందామనుకునేవాళ్లకి ఆ నెల గురించి ముందే తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుందని ఇది రాస్తున్నాను.

నేను రాజమండ్రిలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని. లెక్కలు చెబుతాను. ముప్పై దాటకముందే నుదురు రెండు పక్కలా పైకి పాకింది. మా తాతయ్యది బట్టతల, నాన్నదీ బట్టతలే, ఆఖరికి మేనమామది కూడా. కాబట్టి ఆశ్చర్యమేమీ లేదు. ఇంట్లో మందారాకు, గుంటగలగరాకు నూనె, ఉల్లిపాయ రసం అన్నీ అయ్యాయి. ఉల్లిపాయ రసం వాసనకి స్టాఫ్ రూమ్‌లో నా పక్క కుర్చీ కొన్నాళ్లు ఖాళీగా ఉండేది. వచ్చిన సంబంధాల్లో ఒకరిద్దరు "అబ్బాయి బాగానే ఉన్నాడు గానీ కాస్త వయసు కనిపిస్తోంది" అన్నారట. మధ్యవర్తి ఆ మాట మాకు చేరవేయకుండా ఉండాల్సింది.

చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరికి వెళితే ఆయన ఆపరేషన్ ఊసే ఎత్తలేదు. ముందు ఏడాది మందులు వాడమన్నారు. రోజూ ఫినాస్టరైడ్ 1 మి.గ్రా. మాత్ర, తలకి మినాక్సిడిల్ 5 శాతం. మగవాళ్లలో వంశపారంపర్యంగా వచ్చే బట్టతలకి కారణం డీహెచ్‌టీ అనే హార్మోన్. అది పడని కుదుళ్లు ఏటికేడు సన్నబడిపోయి, చివరికి నూగు మాత్రమే మిగులుతుంది. ఫినాస్టరైడ్ ఆ హార్మోన్ తయారీని తగ్గిస్తుంది. ఊడటం ఆగకుండా ముందుభాగంలో నాటితే, నాటిన జుట్టు ఒకచోట నిలబడి, దాని వెనకున్న సొంత జుట్టు రాలిపోయి మధ్యలో ఖాళీ పడుతుందని ఆయన కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. ఏడాది వాడాను. ఊడటం బాగా తగ్గింది. నడినెత్తి కొంచెం నిండింది. నుదుటి మీద పోయింది మాత్రం తిరిగి రాలేదు.

ఆపరేషన్‌లో కొత్త జుట్టేమీ పుట్టించరు. తల వెనకా, చెవుల పైనా ఉండే జుట్టుకి డీహెచ్‌టీ బాధ పెద్దగా ఉండదు. దాన్ని కుదుళ్లతో సహా తీసి ముందుకు మారుస్తారు. అలా మార్చిన జుట్టు కొత్త చోట కూడా పాత గుణంతోనే పెరుగుతుందని న్యూయార్క్ చర్మవైద్యుడు నార్మన్ ఒరెంట్రైచ్ 1950లలోనే చూపించారు. ఇప్పటి పద్ధతులన్నీ ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి. మా నాన్నకి ఇదంతా వివరిస్తే ఒక్క మాటలో తేల్చేశారు: "నారుమడి తీసి ఊడ్చడమేగా. మూన తిరిగేదాకా ఎర్రబడి చచ్చినట్టే ఉంటుంది, కంగారు పడకు." ఆ తర్వాత నాకు ఏ డాక్టరూ ఇంతకన్నా బాగా చెప్పలేదు. అయితే ఆ నారుమడి చిన్నది, మళ్లీ మొలవదు. ఒకసారి తీసిన కుదురు తీసినట్టే. డోనర్ ఏరియా అంటారు దాన్ని. జీవితకాలానికి అందులో ఉన్నదే మన ఆస్తి.

ఈ లెక్క తెలిసి హైదరాబాద్ వెళ్లడం మంచిదైంది. మొదట వెళ్లినచోట డాక్టర్ కనపడలేదు. కౌన్సెలర్ అనే అమ్మాయి ఫోన్‌లో నా తల ఫొటో తీసి, నాలుగు వేల పైన గ్రాఫ్ట్‌లు, అంటే వెనక నుంచి తీసి నాటే కుదుళ్లు, ఒకే రోజులో వేసేస్తామని, ఇవాళే అడ్వాన్స్ కడితే రేటు తగ్గిస్తామని చెప్పింది. హెయిర్‌లైన్ పదో తరగతి ఫొటోలో ఉన్నట్టు దించుతామంది. కంప్యూటర్ మీద గీసి చూపించింది కూడా. వినడానికి బాగానే ఉంది. కానీ ఎవరు కోస్తారు, ఎవరు నాటుతారు అని అడిగితే "మా టీమ్ సార్" అన్న మాట దాటి ముందుకు రాలేదు.

రెండోచోట డాక్టరే చిన్న కెమెరా లాంటి పరికరం వెనక తలకి ఆనించి, చదరపు సెంటీమీటర్‌లో ఎన్ని కుదుళ్లున్నాయో లెక్కపెట్టారు. రెండు వేల పైచిలుకు చాలు, ముందుభాగం మాత్రమే చేద్దాం, నడినెత్తి మందులకి వదిలేద్దాం అన్నారు. హెయిర్‌లైన్ కిందికి దించమని నేను బతిమాలినా ఒప్పుకోలేదు. యాభై ఏళ్లకి ముఖం మారినా ఆ గీత మాత్రం మారదని ఆయన వాదన. నాకు కాదనే డాక్టర్ మీద నమ్మకం కుదిరింది.

జాతీయ వైద్య కమిషన్ 2022లో హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ ఎవరు చేయాలో మార్గదర్శకాలు ఇచ్చింది. ప్లాస్టిక్ సర్జరీ గానీ డెర్మటాలజీ గానీ చదివి, ఇందులో శిక్షణ పొందిన డాక్టర్లే చేయాలి. యూట్యూబ్ చూసి, వర్క్‌షాపులకి హాజరై నేర్చుకోవడం చాలదని అందులో ప్రత్యేకంగా రాశారు. అలా రాయాల్సి వచ్చిందంటే బయట ఏం నడుస్తోందో ఊహించుకోవచ్చు. కాన్పూర్‌లో డెంటిస్ట్ దగ్గర ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్న ఇద్దరు ఇంజినీర్లు చనిపోయారన్న వార్త 2025లో దేశమంతా వచ్చింది. అందుకే ఆ డాక్టర్ డిగ్రీ ఏంటి, రిజిస్ట్రేషన్ నంబర్ ఏంటి, పంచ్ (కుదుళ్లు తీసే సన్నటి గొట్టం లాంటి పరికరం) పట్టుకునేది ఎవరు, మత్తు వికటిస్తే చూసేవాళ్లు అక్కడ ఉంటారా అన్నవి అడగడానికి మొహమాటపడొద్దు. గ్రాఫ్ట్ రేటు గురించి బేరమాడే ముందు ఇవి తేల్చుకోవాలి.

ఖర్చు సంగతి కూడా చెప్పేస్తాను. నాకు అన్నీ కలిపి లక్ష దాటింది. గ్రాఫ్ట్ లెక్కన చెప్పేచోట కొన్ని ముప్పై రూపాయలు చెప్పాయి, కొన్ని వంద చెప్పాయి. ఇది అందం కోసం చేయించుకునేది కాబట్టి హెల్త్ ఇన్సూరెన్స్ రాదు. మామూలు వైద్యానికి లేని జీఎస్టీ కూడా దీనికి ఉంటుంది.

మా కాలేజీకి ఎండాకాలం సెలవులు ఎక్కువ కదా, మేలో పెట్టుకుందామనుకున్నాను. గోదావరి జిల్లా మేనెల ఎండలో, ఆ చెమటలో పచ్చి తలతో ఉండలేవని డాక్టర్ చలికాలం రమ్మన్నారు. సంక్రాంతి సెలవులకి కాస్త ముందుగా కుదిరింది. చుట్టాలంతా ఇంటికొచ్చే పండక్కి గుండుతో, టోపీతో దొరికిపోవడం ఒకటే అందులో ఇబ్బంది.

ముందుగా రక్తపరీక్షలు: సుగర్, హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, రక్తం గడ్డకట్టే సమయం. ఈసీజీ కూడా తీశారు. యాస్పిరిన్ లాంటి రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవాళ్లు ముందే చెప్పాలి. సొంతంగా మానేయకూడదు, ముఖ్యంగా గుండెజబ్బు ఉన్నవాళ్లు. ఇంకో చిన్న విషయం, చాలామందికి తట్టదు. ఆ రోజు గుండీల చొక్కా వేసుకెళ్లండి. టీషర్ట్ అయితే సాయంత్రం తల మీదుగా తీయడం కుదరదు.

పొద్దున్నే బాగా టిఫిన్ తినే రమ్మన్నారు. తలంతా మిషన్ పట్టారు. డాక్టర్ మార్కర్‌తో గీత గీసి, అద్దం చేతికిచ్చి ఒప్పించుకున్నాకే మత్తు మొదలుపెట్టారు. నొప్పి అంటూ ఉంటే ఇదిగో ఇక్కడే. నుదుటి చుట్టూ, తల వెనకా వరసగా సూదులు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పది నిమిషాలకి తల నాది కానట్టు మొద్దుబారింది. తర్వాత బోర్లా పడుకోబెట్టి ఒక మిల్లీమీటర్ కూడా లేని పంచ్‌తో కుదుళ్లు ఒక్కొక్కటీ విడదీశారు. ఎఫ్‌యూఈ అంటే ఇదే. పాత పద్ధతి ఎఫ్‌యూటీలో వెనక నుంచి చర్మం పట్టీలా కోసి కుట్లు వేస్తారు. ఎఫ్‌యూఈలో నొప్పి తెలియదు గానీ, చిన్న మోటార్ చప్పుడు పుర్రెలో తిరుగుతూనే ఉంటుంది.

మధ్యలో అడిగితే ఒక గ్రాఫ్ట్ చూపించారు. చల్లటి సెలైన్ పోసిన గాజుపళ్లెంలో వరసలుగా పేర్చి ఉన్నాయి. బియ్యపు నూకంత కూడా లేదు. పైన రెండు నల్లటి పోగులు, కింద తెల్లగా పారదర్శకంగా చిన్న ఉబ్బు, చుట్టూ సన్నటి కొవ్వు పొర. ఒక్కో దాంట్లో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు ఉంటాయట. ఒంటి వెంట్రుకవి హెయిర్‌లైన్‌కి, రెండూ మూడూ ఉన్నవి దాని వెనకకి వేరు చేసి పెట్టారు. ముందువరసలో మూడేసి వెంట్రుకలవి నాటితేనే బొమ్మకి కుట్టిన జుట్టులా తెలిసిపోతుంది.

మధ్యాహ్నం పెరుగన్నం తిన్నాక వెల్లకిలా పడుకోబెట్టి, డాక్టర్ నుదుటి మీద సన్నటి గాట్లు పెట్టారు. వెంట్రుక ఏ వాలుకి, ఏ దిక్కుకి రావాలో ఆ గాటే నిర్ణయిస్తుంది కాబట్టి ఆ పని మాత్రం అసిస్టెంట్లకి వదలలేదు. నాటేటప్పుడు నేను నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి అసిస్టెంట్లు ఏదో సీరియల్‌లో అత్తగారి గురించి చర్చిస్తున్నారు. చీకటి పడుతుండగా బయటికొచ్చాం.

ఇక్కడి నుంచే అసలు జాగ్రత్తలు. మొదటి వారం వీపు వెనక దిండ్లు పేర్చి, వాలుకుర్చీలో పడుకున్నట్టు పడుకోవాలి. మెడకి బస్సు ప్రయాణాల్లో వాడే దిండు పెట్టుకుంటే పక్కకి దొర్లకుండా ఉంటాం. నాటినచోట సెలైన్ స్ప్రే గంటకోసారి. వేలు తగలకూడదు, గోకకూడదు, దిండుకి ఆనకూడదు. వెనక భాగం దురద పెడుతుంది, ముందు భాగం బిగదీసినట్టుంటుంది.

రెండోరోజు దాకా బాగానే ఉన్నాను. తర్వాత నుదురు ఉబ్బింది. ఆ వాపు కిందికి దిగి కళ్లు రెండూ మూసుకుపోయాయి. అమ్మ చూసి ఏడుపు లంకించుకుంది. ఇన్ఫెక్షన్ కాదిది. మత్తుతో పాటు ఎక్కించిన నీరు బరువుకి కిందికి జారడమే. తల ఎత్తులో పెట్టుకుని, కనుబొమల పైన మాత్రం, గ్రాఫ్ట్‌లకి దూరంగా, చల్లటి కాపడం పెడితే నాలుగైదు రోజుల్లో దిగిపోతుంది. చీము, జ్వరం, రోజురోజుకీ పెరిగే నొప్పి, చర్మం నల్లబడటం, ఆగని రక్తం... వీటిలో ఏది కనిపించినా మాత్రం డాక్టర్‌కి వెంటనే ఫోన్ చేయాలి, రేపు చూద్దాం అనుకోకూడదు.

మన ఇళ్లలో ఇంకో ప్రమాదం ప్రేమ రూపంలో వస్తుంది. పసుపు రాద్దామని అత్త, కొబ్బరినూనె అద్దమని పక్కింటావిడ, వేపాకు నీళ్లతో కడగమని ఇంకొకరు. ఏదీ వద్దు. సంక్రాంతి నాడు పెద్దల కాళ్లకి వంగి దండం పెట్టడం కూడా మానేశాను. తల దించితే రక్తం అంతా అక్కడికే వస్తుంది. మా పెదనాన్నకి అది ఇప్పటికీ కోపమే.

తలస్నానం మొదటిసారి క్లినిక్‌లోనే చేయించి నేర్పారు. పిల్లల షాంపూ అరచేతిలో నురగ చేసి, ఆ నురగని గ్రాఫ్ట్‌ల మీద అద్దాలి, రుద్దకూడదు. షవర్ ధార నేరుగా పడకూడదు, మగ్గుతో మెల్లగా ఒలకబోయాలి. ప్రతి కుదురు చుట్టూ నల్లటి పక్కు కడుతుంది. వారం దాటాక అవి నాని, వేలికొసతో మెల్లగా తిప్పితే ఊడొస్తాయి. వాటితో పాటు చిన్న వెంట్రుక ముక్కలు కూడా వస్తాయి, చివర తెల్లటి ముడితో. గ్రాఫ్ట్ ఊడిపోయిందేమోనని ఫొటో తీసి డాక్టర్‌కి పంపాను. నిజంగా గ్రాఫ్ట్ ఊడితే అక్కడ రక్తం చిమ్ముతుందని, పది రోజులు దాటాక కుదురు చర్మంలో పాతుకుపోతుంది కాబట్టి ఆ భయం అక్కర్లేదని జవాబొచ్చింది.

బండి మీద తిరిగేవాళ్లకి హెల్మెట్ పెద్ద సమస్య. హెల్మెట్ లేకుండా నడపడం ఎలాగూ కుదరదు, పెట్టుకుంటే గ్రాఫ్ట్‌లు రాసుకుంటాయి. డాక్టర్ సరే అనేవరకూ కొన్ని వారాలు ఆటోలో వెళ్లాను. జిమ్, ఈత, ఎండ, మందు, సిగరెట్ అన్నీ దూరం. ముఖ్యంగా సిగరెట్. అది సన్నటి రక్తనాళాల్ని బిగించేస్తుంది, కొత్తగా నాటిన కుదురుకి కావాల్సిందే ఆ రక్తం.

ఇక మూడో నెల. నాటిన జుట్టు మొదటి నెల తిరగకముందే రాలడం మొదలై, చూస్తుండగా దాదాపు అంతా పోయింది. షాక్ లాస్ అంటారు. కుదురు లోపల బతికే ఉంటుంది. చోటు మారిన దెబ్బకి పైనున్న వెంట్రుకని వదిలేసి విశ్రాంతిలోకి వెళ్తుంది. నాకు చుట్టూ ఉన్న సొంత జుట్టు కూడా కొంత రాలి, ఆపరేషన్‌కి ముందుకన్నా అధ్వాన్నంగా తయారయ్యాను. క్లాసులో బోర్డు వైపు తిరగాలంటేనే బెరుకు. వెనక బెంచీలో "సార్, డబ్బులు వాపస్ ఇస్తారా?" అని ఎవడో అన్నాడు, క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఇది తెలియక చాలామంది ఈ దశలోనే క్లినిక్ మీద విరుచుకుపడతారు, లేదా భయపడి ఇంకేదో ప్యాకేజీ కొనేస్తారు. నాకు పీఆర్‌పీ ఇంజెక్షన్లు (మన రక్తం నుంచే ప్లాస్మా తీసి తలకి ఎక్కించేవి) చేయించుకోమని బయట చాలామంది చెప్పారు. డాక్టర్ మాత్రం దాని ఫలితం మనిషి మనిషికీ మారుతుంది, తప్పనిసరి కాదన్నారు. చేయించుకోలేదు.

ఈ రోజుల్లో రోజూ అద్దం చూడటం కన్నా నెలకోసారి ఒకే గోడ దగ్గర, ఒకే వెలుతురులో ఫొటో తీసుకోవడం మేలు. నాలుగో నెలలో ముందువరసలో అక్కడక్కడా చిన్న పొక్కులు లేచాయి. చర్మం కింద నుంచి వెంట్రుక పొడుచుకొచ్చేటప్పుడు అలా అవుతుందట. గిల్లకుండా గోరువెచ్చటి నీటి కాపడం పెడితే తగ్గాయి. మొదట వచ్చినవి పసిపిల్లల జుట్టంత సన్నం. తర్వాత కొన్నాళ్లు తీగల్లా వంకర్లు తిరిగి, దువ్వెనకి లొంగవు. ఆరో నెలకి బయటివాళ్లకి తేడా తెలిసింది. తొమ్మిది, పదికి మందం వచ్చింది. ఏడాదికి గానీ పూర్తి ఫలితం చూడకూడదు. నడినెత్తి మీద నాటించుకున్నవాళ్లకి ఇంకా ఆలస్యం, ఏడాదిన్నర కూడా పట్టొచ్చు. వెనక భాగంలో నాకు తిమ్మిరి పోవడానికే కొన్ని నెలలు పట్టింది.

ఫలితం ఎలా ఉందంటే, పొడి జుట్టు పక్కకి దువ్వితే ఎవరూ కనిపెట్టలేరు. తడి జుట్టుతో ట్యూబ్‌లైట్ కింద నిలబడితే మాడు కనిపిస్తుంది. సహజంగా చదరపు సెంటీమీటర్‌కి ఎనభై దాకా కుదుళ్లుంటే, నాటేది అందులో సగమే. సగం ఉన్నా కంటికి నిండుగానే అనిపిస్తుంది కాబట్టి సరిపోతుంది. కాలేజీ రోజుల ఒత్తు మాత్రం రాదు. క్లినిక్ గోడల మీద ఫొటోలన్నీ పొడి జుట్టువే, గమనించండి.

మాత్రలు ఆపలేదు. ఆపితే నాటినవి ఉంటాయి, పాతవి పోతాయి. ఫినాస్టరైడ్ వల్ల కొద్దిమందికి కోరిక తగ్గడం, మనసు దిగులుగా ఉండటం లాంటివి రావచ్చు. అలా ఉంటే దాచుకోకుండా డాక్టర్‌కి చెప్పాలి. ఇంట్లో గర్భిణి ఉంటే విరిగిన మాత్రని ఆవిడ ముట్టుకోకూడదు. రక్తదానానికి వెళ్లినప్పుడు ఈ మాత్ర వాడుతున్నామని చెప్పాలి.

ఇంకో సందేహం మనవాళ్లకే వచ్చేది: ట్రాన్స్‌ప్లాంట్ అయ్యాక తిరుపతిలో గుండు చేయించుకోవచ్చా? మా అమ్మ నా జుట్టు బాగా రావాలని వెంకన్నకి తలనీలాలు మొక్కుకుంది. ఇచ్చేయడానికే అయితే ఇంత కష్టమెందుకని నాన్న అన్నారు గానీ, మొక్కు మొక్కే. కత్తి చర్మం పైనున్న వెంట్రుకనే తీస్తుంది, కుదురు జోలికి పోదు, ఏడాది నిండాక నిరభ్యంతరంగా ఇవ్వొచ్చని డాక్టర్ చెప్పారు. కల్యాణకట్టలో కూర్చుంటే, వెనక భాగం గీస్తున్న ఆయన చెయ్యి ఆపి "ఏంటి బాబూ, ఇక్కడ ఆవగింజలంత తెల్ల చుక్కలున్నాయి?" అన్నాడు. ఎఫ్‌యూఈకి మచ్చలుండవని ప్రకటనల్లో చెబుతారు. కుట్ల గీత ఉండదంతే, చుక్కలు ఉంటాయి. జుట్టు కాస్త ఉంటే కనపడవు, నున్నగా గీస్తే కనపడతాయి. గుండు చేయించిన జుట్టు మళ్లీ అలాగే వచ్చింది, నాటింది కూడా.

నన్ను చూసి మా తమ్ముడు తనకీ చేయించమంటున్నాడు. వాడికి ఇరవై మూడు. వాడికి ఎంతవరకు ఊడుతుందో ఇంకా ఎవరికీ తెలియదు. ఇప్పుడే డోనర్ ఖర్చుపెట్టేస్తే నలభైకి చేతిలో ఏమీ ఉండదు. ముందు మందులు వాడు, రెండు మూడేళ్లు చూద్దాం అని అదే చర్మం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయనా అదే అన్నారు. ప్రస్తుతానికి వాడు మాత్రలు వేసుకుంటున్నాడు, నాతో మాత్రం సరిగ్గా మాట్లాడటం లేదు.